శుక్రవారం గృహ కూడికలో వాక్యం వింటున్నాం, బైబిలు మాత్రం చదవడం లేదు

తెల్లకలువ_కూకట్‌పల్లి

మా కాలనీలోనూ పక్క కాలనీలోనూ ఉన్న ఏడెనిమిది కుటుంబాలవాళ్లం శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకుంటాం. చాలాకాలంగా నడుస్తున్న కూడిక. పాటలు పాడతాం, ప్రార్థిస్తాం, ఆ తరువాత ఒక బ్రదర్ ముప్పావు గంట వాక్యం చెబుతారు. మేమంతా తలలూపుతూ వింటాం. ముగింపు ప్రార్థన, టీ, సమోసాలు, ఇళ్లకు.

ఈ మధ్య ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం వచ్చింది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న వచనం తీసుకుని పిల్లల పరీక్షలకు, ఇంటి లోనుకు, అమెరికా వీసాకు వర్తింపజేశారు. దాని ముందు వచనంలోనే కడుపు నిండి ఉండడమూ ఆకలితో ఉండడమూ రెండూ నేర్చుకున్నానని పౌలు అంటున్నాడు. బంధకాల్లో ఉండి రాస్తున్నాడు. అలాంటప్పుడు వీసా రాకపోతే తట్టుకుని నిలబడడం గురించి కదా ఈ మాట, వీసా రావడం గురించి ఎలా అవుతుంది అని అడగాలనిపించింది. మా కూడికలో అడిగే సందర్భమే ఉండదు. అడిగితే బ్రదర్‌కు ఎదురు చెప్పినట్టు ఉంటుంది.

ఆయన మంచి మనిషి. మా మామగారిని అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చినప్పుడు బంధువులకంటే ముందు వచ్చి నిలబడ్డారు. ఆయన మనసు నొప్పించడం నాకు ఇష్టం లేదు. కానీ ఇన్నేళ్లు విన్నాక కూడా ఒక అధ్యాయం తీసి సొంతంగా అర్థం చేసుకోవడం నాకు రావడం లేదు. కూడిక నుంచి ఇంటికి వచ్చేసరికి నా కోపం, నా ఆందోళన ఎక్కడివక్కడే ఉంటున్నాయి. మీ కూడికలు ఎలా నడుస్తాయి? మార్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా మార్చుకున్నారో చెప్పండి.

ఉప్పల్_యువకుడు

సమోసాలా? మా దగ్గర బిస్కెట్లే అక్కా. మీ చిరునామా ఇవ్వండి, ఈ శుక్రవారమే వస్తాను.

విషయానికి వస్తే మా యవనస్థుల కూడిక కూడా ఇంతే. పాటలు గంట, వాక్యం గంట, ప్రకటనలు అరగంట. ప్రశ్నలకు సమయం ఇస్తామని ప్రతిసారీ అంటారు, ఈలోగా తొమ్మిదిన్నర అవుతుంది, అమ్మాయిలను ఇళ్లకు పంపాలి కాబట్టి లేచిపోతాం.

బోయిన్‌పల్లి_పెద్దాయన

అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ ఆ బ్రదర్ తరఫున కూడా ఒకరు మాట్లాడాలి. బోధించేవాడు లేకుండా తలా ఒక మాట అనుకుంటే అది వాక్యధ్యానం కాదు. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్నాడు. నువ్వు చదివేది నీకు అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా దారి చూపకపోతే ఎలా అర్థమవుతుంది అన్నాడు. చదువుకున్నవాడు, రాణి ఖజానా చూసేవాడు ఆ మాట అన్నాడు.

నా కళ్లముందు జరిగింది చెబుతాను. ఒక ఇంట్లో ఇలాగే "అందరూ పంచుకునే" కూడిక మొదలైంది. ఒకాయన దానియేలు, ప్రకటన గ్రంథాలు కలిపి లెక్కలు వేసి ప్రభువు రాకడకు సంవత్సరం చెప్పడం మొదలుపెట్టాడు. అది తప్పు అని చెప్పగలిగిన పెద్ద ఎవరూ ఆ గదిలో లేరు. ఇద్దరు ఉద్యోగాలు మానుకున్నారు. ఆ కుటుంబాలు కోలుకోవడానికి ఎంతకాలం పట్టిందో నాకు తెలుసు. అందుకే నేను బోధ ఉండాల్సిందే అంటాను.

తార్నాక_టీచరమ్మ

అన్నగారూ, మీరు చెప్పిన ఆ ఎనిమిదో అధ్యాయాన్నే నేనూ చూపిస్తాను. ఫిలిప్పు రథం ఎక్కగానే ప్రసంగం మొదలుపెట్టలేదు. ముందు ప్రశ్న అడిగాడు. తరువాత ఆ ఐతియొపీయుడు అడిగాడు, ప్రవక్త ఈ మాట తన గురించి చెబుతున్నాడా, వేరొకరి గురించి చెబుతున్నాడా అని. చాలా మంచి ప్రశ్న అది. ఫిలిప్పు ఆ లేఖన భాగం దగ్గరే మొదలుపెట్టి యేసును ప్రకటించాడు. బోధ ఉంది, ప్రశ్న ఉంది, చేతిలో గ్రంథం ఉంది. తెల్లకలువ గారి కూడికలో బోధ ఒక్కటే మిగిలింది, మిగతా రెండూ పోయాయి.

మా స్త్రీల కూడిక ఎలా నడుస్తుందో రాస్తాను. పనికొస్తే తీసుకోండి. మేం మార్కు సువార్త చదువుతున్నాం. పదహారే అధ్యాయాలు కాబట్టి కొత్తవాళ్లు బెదరరు. ఒక భాగాన్ని ముందు బిగ్గరగా చదువుతాం. మళ్లీ ఇంకొకరు చదువుతారు. మా కూడికలో ఇద్దరికి చదవడం రాదు, వాళ్లకోసం మొదలైన అలవాటు ఇది, కానీ చదవడం వచ్చినవాళ్లకే ఎక్కువ ఉపయోగపడింది. వినే చెవికి కంటికి దొరకనివి దొరుకుతాయి. ఆ తరువాత కాసేపు అక్కడ ఉన్నది మాత్రమే చెప్పాలి. ఎవరు ఉన్నారు, ఎక్కడ జరిగింది, దీనికి ముందు ఏం జరిగింది, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది. నా జీవితంలో ఇలా జరిగింది అని ఎవరైనా మొదలుపెడితే, అది చివర్లో చెబుదువు తల్లీ అని ఆపుతాను.

ఎనిమిదో అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడి సంగతి ఉంది కదా. యేసు మొదటిసారి చేతులుంచితే మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనిపించారు, రెండోసారి చేతులుంచితే అన్నీ స్పష్టంగా కనిపించాయి. ప్రభువు ఒక్కసారిగా ఎందుకు బాగుచేయలేదు అని అడిగాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు చదవడం రాని అమ్మ అడిగింది: "ఇంతకుముందు పడవలో శిష్యులను తిట్టాడు కదా టీచరమ్మా, కళ్లుండి చూడరా అని? వాళ్లకు కూడా సగమే కనిపిస్తోందేమో." వెనక్కి తిప్పి చూశాం, పద్దెనిమిదో వచనం. ముందుకు తిప్పాం. నువ్వు క్రీస్తువి అని పేతురు ఒప్పుకుంటాడు, ఆ వెంటనే సిలువ మాట వచ్చేసరికి ప్రభువునే గద్దిస్తాడు. సగం చూపు. ఆ సాయంత్రం ఎవరమూ టీ గురించి ఆలోచించలేదు. ఈ సంఘటన మార్కు ఒక్కడే రాశాడు, అది ఎక్కడ పెట్టాడో చూస్తే ఆయన ఎంత ఆలోచించి రాశాడో తెలుస్తుంది. ముప్పావు గంట ప్రసంగం నేను చేసి ఉంటే ఆ అమ్మ నోరు తెరిచేది కాదు.

తెల్లకలువ_కూకట్‌పల్లి

టీచరమ్మ గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇప్పుడే మార్కు ఎనిమిది తీశాను.

మల్కాజ్‌గిరి_చెల్లెలు

అందరూ మాట్లాడడం మంచిదే. మాట్లాడిన మాట ఎక్కడికి పోతుందో కూడా ఆలోచించండి. మా కూడికలో ప్రార్థన మనవులు చెప్పమన్నారు. పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్నామని చెప్పాను. మరుసటి రోజు మా అత్తగారి ఊరి నుంచి ఫోను, "మాకు చెప్పకుండా ఆసుపత్రికి వెళ్తున్నారట" అని. ఎవరో మంచి మనసుతోనే "వీరి కోసం ప్రార్థించండి" అని వాట్సాప్ గుంపులో పెట్టారు. ఆ గుంపు నుంచి ఇంకో గుంపుకు వెళ్లింది. అప్పటి నుంచి నా మనవి అడిగితే "ఆరోగ్యం కోసం, సమాధానం కోసం" అని చెప్పి కూర్చుంటున్నాను. ఆత్మీయ ఎదుగుదల ఎక్కడి నుంచి వస్తుంది?

తార్నాక_టీచరమ్మ

తల్లీ, ఇది చాలా పెద్ద గాయం. మా దగ్గర కూడిక మొదట్లోనే ఒక మాట అనుకున్నాం: ఇక్కడ విన్నది ఇంట్లో భర్తకు కూడా చెప్పకూడదు, వాట్సాప్‌లో మనవులు పెట్టకూడదు, సమయం, చోటు మాత్రమే పెట్టాలి. కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ ఆ మాట మళ్లీ చెబుతాం. గుట్టు దాచేవాడు నమ్మకమైనవాడని సామెతల గ్రంథం పదకొండో అధ్యాయంలో ఉంది.

పాతపుస్తకాల_పిచ్చి

ఇంటి కూడికలో ప్రశ్నలు అడగడం కొత్త అలవాటేమీ కాదని చెప్పడానికి కొంచెం చరిత్ర.

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో ఫిలిప్ యాకోబ్ స్పెనర్ అనే లూథరన్ పాస్టర్ ఉండేవారు. ఆదివారం ప్రసంగం విని వెళ్లిపోతున్న జనంలో మార్పు లేదని బాధపడి 1670లో తన ఇంట్లో చిన్న కూడికలు మొదలుపెట్టారు. 1675లో సంఘ సంస్కరణ గురించి రాసిన పుస్తకంలో, మామూలు విశ్వాసులు కలిసి లేఖనాలు చదివి పాస్టరు సమక్షంలో ప్రశ్నలు అడగాలని కోరారు. పెద్దాయన గారు భయపడుతున్న సంగతి ఆయనకూ తెలుసు, అందుకే పాస్టరు ఉండాలన్నారు. ఆ ఉద్యమానికి తరువాత హాలే పట్టణం కేంద్రమైంది. అక్కడి నుంచి వచ్చినవాడే బెంజమిన్ షుల్జ్. 18వ శతాబ్దం తొలి భాగంలో మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు. అయినా తెలుగులో బైబిలు అనే తలంపు వెనుక ఆ ఇంటి కూడికల వేడి ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

ఇంకొకటి, ఇది మన సికింద్రాబాద్ వాళ్లకు దగ్గరది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టుల మందిరానికి అప్పు ఉంది. సభ్యులను పన్నెండు మంది చొప్పున విడదీసి, ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ వసూలు చేసే పని ఒక నాయకుడికి అప్పగించారు. ఇంటింటికీ తిరిగేసరికి ఎవరు తాగుతున్నారో, ఏ ఇంట్లో గొడవలున్నాయో నాయకులకు తెలిసింది. మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీ ఆ ఏర్పాటునే ఆత్మీయ సంరక్షణకు మలిచాడు. వారానికోసారి ఆ పన్నెండు మంది కూర్చుని నీ ఆత్మ పరిస్థితి ఎలా ఉంది అని ఒకరినొకరు అడిగేవారు. మెదక్ డయోసిస్ సంఘాల్లో చాలావాటి మూలం వెస్లియన్ మిషను, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసినవి. అంటే ఈ నగరంలో చాలామందికి ఇది తాతముత్తాతల అలవాటు.

ఉప్పల్_యువకుడు

అప్పు వసూలుకు మొదలై ఆత్మీయ కూడికగా మారిందన్నమాట. మా దగ్గర తలకిందులు. ఆత్మీయ కూడికగా మొదలై చీటీలకు, బీమా పాలసీలకు మారింది. ప్రార్థన అవగానే ఒక అంకుల్ బ్యాగులోంచి కాగితాలు తీస్తారు. కాదంటే మనసు నొచ్చుకుంటారని ఇద్దరు ముగ్గురు డబ్బు కట్టారు, ఇప్పుడు వాళ్లు కూడికకే రావడం లేదు. కూడికలో వ్యాపారం వద్దని ఎవరైనా గట్టిగా చెప్పాలి.

బోయిన్‌పల్లి_పెద్దాయన

బాబూ, దీనిమీద నేను నీ పక్షమే. సంఘ పెద్దలకు చెప్పు. వాళ్లు చెప్పకపోతే నువ్వే చెప్పు, భయపడకు.

రాత్రి_షిఫ్టు

గచ్చిబౌలిలో రాత్రి ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం మీరు కూడికకు బయలుదేరే సమయానికి నేను క్యాబ్ ఎక్కుతాను. ఆదివారం ఆరాధనలో కళ్లు మూతలు పడతాయి. ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టిక ఫోనులో పెట్టుకున్నాను, రోజూ మూడు నాలుగు అధ్యాయాలు. లేవీయకాండము దగ్గర ఆగిపోయాను. వెనుకబడ్డావని ఫోను రోజూ గుర్తుచేస్తుంటే తెరవాలనిపించడం లేదు. ఎదగాలనే ఉంది. ఎలా?

కాపరి_శిష్యుడు

రాత్రి_షిఫ్టు అన్నా, బైబిలులో 1189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు చదివినా ఏడాదికి ఇంకా కొన్ని మిగులుతాయి. నిద్ర చాలని మనిషికి అది బరువే. కొత్త నిబంధన మాత్రం 260 అధ్యాయాలు. వారంలో ఐదు రోజులు, రోజుకొక్క అధ్యాయం చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది. మిగతా రెండు రోజులు తప్పిపోయినవి చదువుకోవడానికి. నేను వేదాంత కళాశాలలో చదువుతున్నాను, అయినా నాకోసం చదువుకునేది రోజుకు ఒక్క అధ్యాయమే. రోజుకు నాలుగు అధ్యాయాల పట్టిక 1842లో స్కాట్లాండ్‌లోని డండీలో రాబర్ట్ మెక్‌షెయిన్ అనే పాస్టరు తన సంఘం కోసం తయారుచేసింది. ఎందరికో మేలు చేసింది. కానీ పూర్తిచేయలేకపోతే దేవుడికి దూరమైనట్టు కాదు. ఫోనులో ఆ గుర్తుచేసే సందేశాలు ఆపేయండి.

క్యాబ్‌లో వినడం కూడా మొదలుపెట్టవచ్చు. మార్కు సువార్త మొత్తం వినడానికి రెండు గంటల లోపే పడుతుంది. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వర్షం రోజున అంతసేపు పడుతుంది కదా.

ఎల్బీనగర్_అమ్మ

వర్షం రోజున మార్కు అయిపోయి మత్తయి కూడా సగం అవుతుంది.

నా సమస్య వేరు. కూడిక జరుగుతున్నంతసేపూ పిల్లలు పక్క గదిలో ఫోను పట్టుకుని ఉంటారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. తెలుగు బైబిలు చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంటారు. ఇంగ్లీషు బైబిలు వాళ్లు చదువుకుంటారు, కానీ అమ్మమ్మతో కలిసి ఒక్క కీర్తన చదవలేరు. ఇది నన్ను చాలా బాధిస్తోంది. మా అమ్మకు 103వ కీర్తన, 121వ కీర్తన నోటికి వచ్చు. ఆమెతోనే పోతాయేమో అని భయంగా ఉంది.

తార్నాక_టీచరమ్మ

పోనివ్వకండి. చదవడం తరువాత నేర్చుకుంటారు, ముందు అమ్మమ్మ దగ్గర నోటితో నేర్చుకోమనండి. 121వ కీర్తన ఎనిమిదే వచనాలు. వారానికొకటి చొప్పున రాత్రి పడుకునే ముందు అమ్మమ్మ చెప్పాలి, పిల్లలు అనాలి. కూడికలో మొదటి అరగంట పిల్లలను మధ్యలో కూర్చోబెట్టి ఒక కథ వాళ్లచేత నటింపజేయండి. మా ఇంట్లో, యేసును చూడడానికి జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు కోసం ఇనుప నిచ్చెన వాడారు. ఎవరు జక్కయ్య కావాలన్నదానిపై పెద్ద గొడవ.

ఒక్కడే_విశ్వాసి

ఇన్నాళ్లూ చదువుతూ మాత్రమే ఉన్నాను, ఇప్పుడు రాయాలనిపించింది. మా ఇంట్లో నేను ఒక్కడినే క్రీస్తును నమ్ముకున్నాను. అమ్మానాన్నలకు తెలుసు, మాట్లాడరు. నాకు కూడికే ఇల్లు. కానీ మొదట్లో సగం మాటలు అర్థమయ్యేవి కావు. అందరూ నవ్వుతున్నచోట నవ్వేవాడిని, ఆమెన్ అన్నచోట ఆమెన్ అనేవాడిని. అబ్రాహాము ఎవరో తెలియకుండా అబ్రాహాము విశ్వాసం మీద గంటసేపు విన్నాను. పుట్టుకతో సంఘంలో ఉన్నవాళ్లకు ఇది తట్టదు.

నన్ను నిలబెట్టింది ఒక అన్న. కూడిక అయ్యాక బస్సు స్టాపు వరకు నాతో నడిచేవాడు. ఈ రోజు ఏం అర్థం కాలేదు అని అడిగేవాడు. ఏం అర్థమైంది అని అడగలేదు ఎప్పుడూ. అందుకని నాకు చెప్పడం సులువైంది. తరువాత ఇద్దరం యోహాను సువార్త చదివాం, ఒక్కోసారి స్టాపు దగ్గర బెంచీ మీదే. అపొల్లోను అకుల, ప్రిస్కిల్ల ఇంటికి తీసుకువెళ్లి మరింత వివరంగా చెప్పారని అపొస్తలుల కార్యములు పద్దెనిమిదిలో చదివినప్పుడు ఆ అన్నే గుర్తొచ్చాడు. కూడికతో పాటు అలాంటి ఇద్దరి కూడికలు కూడా ఉండాలని నా మనవి.

మల్కాజ్‌గిరి_చెల్లెలు

తమ్ముడూ, నీ కోసం ఈ రాత్రి ప్రార్థిస్తాను. ఎవరికీ చెప్పను.

కాపరి_శిష్యుడు

తెల్లకలువ గారు చెప్పిన వచనాల సంగతికి మళ్లీ వస్తాను. డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాదికి తలా ఒక వచనం ఉన్న వాగ్దాన కార్డులు తీస్తాం కదా. మా సంఘంలో చాలామందికి యిర్మీయా 29:11 వస్తుంది, మీకోసం నేను ఉద్దేశించినవి సమాధానకరమైన ఉద్దేశాలే అనే వచనం. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటాం. ఆ అధ్యాయం మొత్తం మా చిన్న కూడికలో చదివాం. అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం. పదో వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. ఈలోగా ఏం చేయాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది.

మా కూడికలో ఉన్నవాళ్లలో గుంటూరు, ఖమ్మం, నెల్లూరు నుంచి వచ్చి అద్దెకు ఉంటున్నవాళ్లే ఎక్కువ. మనసంతా ఊళ్లో, ఒళ్లు ఇక్కడ. కాలనీలో మురుగు పొంగినా మనది కాదన్నట్టు తప్పుకుని వెళ్లేవాళ్లం. ఆ ఏడో వచనం దగ్గర చాలాసేపు కూర్చున్నాం. తరువాత ఇద్దరు బ్రదర్స్ కాలనీ సంక్షేమ సంఘం సమావేశానికి వెళ్లడం మొదలుపెట్టారు. ఆ వాగ్దానం ఇప్పుడు మాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది.

బోయిన్‌పల్లి_పెద్దాయన

బాబూ, నువ్వు చెప్పిన వివరణ సరైనదే. ఒక మాట మాత్రం చెప్పనివ్వు. నా భార్య క్యాన్సరుతో మంచంలో ఉన్నప్పుడు ఆ కార్డే దిండు కింద పెట్టుకుంది. చెర, బబులోను, డెబ్బై ఏళ్లు ఇవన్నీ ఆమెకు తెలియవు. దేవుడు నన్ను మరచిపోలేదని మాత్రం తెలుసు. ఆ నమ్మకంతోనే వెళ్లిపోయింది. కార్డులను తేలిక చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

కాపరి_శిష్యుడు

అంకుల్, తేలిక చేయను. అమ్మగారు పట్టుకున్నది నిజమైన మాటే. దేవుడు మరచిపోలేదనే ఆ ఉత్తరమంతా చెబుతోంది. కార్డు పారేయమని నేను ఎవరికీ చెప్పలేదు, కార్డు వచ్చిన రోజున ఆ అధ్యాయం కూడా ఇంట్లో అందరూ కలిసి చదవమంటున్నాను. బాధలో ఉన్నవాళ్లకు చెర సంగతి తెలిస్తే ఆదరణ తగ్గదు, పెరుగుతుంది. బాగుపడనప్పుడు కూడా ఆ మాట నిలబడుతుంది.

పాతపుస్తకాల_పిచ్చి

పైగా యిర్మీయా రాసినప్పుడు పదకొండు, పన్నెండు అనే అంకెలు లేవు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దపుది. కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి పెట్టిన అంకెలు అవి, అక్కడ ఆగిపోవడానికి కాదు.

బోయిన్‌పల్లి_పెద్దాయన

ఇది నాకు నచ్చింది. మా సంఘంలో చెబుతాను.

కానీ టీచరమ్మ గారూ, ఒక సంగతి. స్త్రీల కూడికలో మీరు నడిపించడం సరే. స్త్రీ పురుషులు కలిసిన కూడికలో స్త్రీ ఉపదేశించకూడదని ఒకటో తిమోతి రెండో అధ్యాయం పన్నెండో వచనం ఉంది. దాన్ని దాటలేం.

తార్నాక_టీచరమ్మ

ఆ వచనం నాకూ తెలుసు అన్నగారూ. ఒకటో కొరింథీయులకు పదకొండో అధ్యాయం ఐదో వచనంలో స్త్రీ ప్రార్థించడం, ప్రవచించడం జరుగుతుందనే పౌలు అనుకుని రాశాడు. పైన తమ్ముడు చెప్పిన అపొల్లోకు వివరించినవాళ్లలో ప్రిస్కిల్ల ఉంది. ఫిలిప్పీలో సహోదరులు కూడుకున్నది లూదియ ఇంట్లో. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మీరు ఒప్పుకోకపోవచ్చు. కనీసం ఇది ఒప్పుకోండి: వంటింట్లో టీ కాచే స్త్రీలు బయటకు వచ్చి కూర్చునేదాకా వాక్యం మొదలుపెట్టకూడదు. చాలా ఇళ్లలో సగం వాక్యం అయ్యాక కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటారు.

బోయిన్‌పల్లి_పెద్దాయన

అది ఒప్పుకుంటాను. టీ మగవాళ్లు కాచవచ్చు. మిగతాది ఒప్పుకోను.

ఎల్బీనగర్_అమ్మ

మా ఆయనకు ఈ పోస్టు చూపించాను. చదివి పాలు తేవడానికి వెళ్లారు.

రాత్రి_షిఫ్టు

ఎదుగుతున్నామో లేదో ఎలా తెలుసుకోవాలి? చదివిన అధ్యాయాలు లెక్కపెట్టవచ్చు. కోపం ఎలా లెక్కపెడతాం?

ఒక్కడే_విశ్వాసి

నేను చెప్పగలిగింది ఒకటే. మా నాన్న నాతో మాట్లాడరు కదా. ఈ మధ్య అమ్మతో అన్నారట, "వాడు అబద్ధం చెప్పడం మానేశాడు" అని. సంఘంలో ఎవరూ అది గమనించలేదు, నేనూ గమనించలేదు. గలతీయులకు ఐదో అధ్యాయంలో ఉన్న ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం ఇవన్నీ పక్కన ఉండేవాళ్లకే ముందు తెలుస్తాయి. ఇంట్లో నమ్మకమైనవాళ్లను అడగండి. వాళ్లు విశ్వాసులు కాకపోయినా సరే.

తెల్లకలువ_కూకట్‌పల్లి

రెండు వారాలుగా రాయలేదు, క్షమించండి. మీ మాటలన్నీ మా ఆయనతో కలిసి చదివాను. తరువాత ఇద్దరం ఆ బ్రదర్ ఇంటికి వెళ్లాం. అందరి ముందు కాకుండా విడిగా మాట్లాడడం మంచిదనిపించింది. ఫిర్యాదులా కాకుండా, మాకు చదవడం నేర్పించండి అని అడిగాం.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత చెప్పారు, ప్రతి గురువారం ఆఫీసు నుంచి వచ్చి అర్ధరాత్రి దాకా సిద్ధపడతాననీ, కూడికలో తన కోసం ప్రార్థించమని అడిగే వీలు ఎప్పుడూ దొరకలేదనీ. వాళ్ల అబ్బాయి ఉద్యోగం పోయిందట. మాలో ఎవరికీ తెలియదు. వాళ్ల ఆవిడ ఏడ్చారు. ముప్పావు గంట ప్రసంగం వెనుక ఆయన ఎంత ఒంటరిగా ఉన్నారో మాకు తట్టనే లేదు.

కొత్త ఏర్పాటు ఆయనే చెప్పారు. మార్కు మొదటి అధ్యాయం నుంచి మొదలుపెడతాం. చదవాల్సిన భాగం ఏదో సోమవారమే అందరికీ తెలియజేస్తారు. కూడికలో చదివి, మాట్లాడుకున్నాక చివరి పది పదిహేను నిమిషాలు ఆయన బోధిస్తారు, దారి తప్పిన మాటలుంటే సరిచేస్తారు. పెద్దాయన గారికి ఇది నచ్చుతుందనుకుంటాను. మొదటి కూడిక అయింది. చాలామంది మాట్లాడలేదు, ఒకరిద్దరు ఎక్కువ మాట్లాడారు. పిల్లలతో కలిపి ఇరవైకి పైగా ఉన్నాం, రెండు గదుల ఇల్లు సరిపోవడం లేదు. విడిపోదామంటే కొందరు బాధపడుతున్నారు. ఎలా విడదీయాలి?

తార్నాక_టీచరమ్మ

పన్నెండు దాటితే మౌనంగా ఉండేవాళ్లు మౌనంగానే ఉండిపోతారు. ఒకే ఇంట్లో పాటలు, ప్రార్థన అందరూ కలిసి చేయండి. చదివేటప్పుడు మాత్రం ఒక గుంపు హాల్లో, ఒక గుంపు మేడమీద కూర్చోండి. చివర్లో మళ్లీ కలవండి. విడిపోయినట్టు ఉండదు. ఎక్కువ మాట్లాడేవాళ్లకు ప్రశ్నలు చదివే పని ఇవ్వండి, అడిగేవాళ్లు జవాబు చెప్పకూడదు కాబట్టి మిగతావాళ్లకు చోటు దొరుకుతుంది.

బోయిన్‌పల్లి_పెద్దాయన

నచ్చింది తల్లీ. ఆ బ్రదర్‌కు నా వందనాలు చెప్పు. మేడమీద గుంపులో కూడా వాక్యం తెలిసిన పెద్ద ఒకరు ఉండేలా చూసుకో. మాట్లాడకపోయినా ఉండాలి. ఆ అబ్బాయి ఏ పని చేసేవాడో, తల్లిదండ్రులు సరేనంటేనే నాకు విడిగా రాయి. మా సంఘంలో కంపెనీలు నడిపేవాళ్లు ఇద్దరున్నారు, అడిగి చూస్తాను.

రాత్రి_షిఫ్టు

గచ్చిబౌలి వైపు శనివారం ఉదయం షిఫ్టు దిగాక కలిసే కూడిక ఏదైనా ఉందా? ఇద్దరు ముగ్గురం ఉన్నాం, అందరమూ రాత్రి ఉద్యోగాలవాళ్లమే.

కాపరి_శిష్యుడు

ఉంది అన్నా. రాయదుర్గం మెట్రో స్టేషనుకు దగ్గర్లో ఒక మిత్రుడి గదిలో శనివారం ఉదయం ఏడున్నరకు కలుస్తాం. యాకోబు పత్రిక చదువుతున్నాం, వచ్చే వారం రెండో అధ్యాయం, మొదటి పదమూడు వచనాలు. గంటలో ముగిస్తాం, మీరు నిద్రపోవాలి కదా. కింద వీధిలో ఇడ్లీ బండి ఉంది, ముందు అక్కడ కలుద్దాం. విడిగా సందేశం పంపితే దారి చెబుతాను.

రాత్రి_షిఫ్టు

పంపాను. మొదటి అధ్యాయం ఈ రాత్రి క్యాబ్‌లో వింటాను.